బోర్లా బావ, అవతలి ఒడ్డు సరుకు

బస్సు వంతెన దగ్గరికి వచ్చేసరికి కండక్టరుకు ఒక ధర్మసందేహం పుట్టింది. వెనక సీటు పక్కన తాళ్లతో కట్టి నిలబెట్టిన వస్తువుకు టికెట్టు కొట్టాలా వద్దా? కొడితే సరుకు కింద కొట్టాలా, బండి కింద కొట్టాలా, మనిషి కింద కొట్టాలా? అతను దాని చుట్టూ తిరిగి చూశాడు. కింద రేకు పీపా. పీపా నడుముకు సైకిలు గొలుసు, గొలుసుకు రెండు పెడళ్లు, పైన ఒక సైకిలు సీటు. మూతకు పాత కెటిలుదో ఏమో, ఒక వంకర పిడి. తన ఉద్యోగంలో అతను మేకలకు టికెట్టు కొట్టాడు, మంచాలకు కొట్టాడు, ఒకసారి నిలువుటద్దానికీ అందులో కనిపించిన మనిషికీ కలిపి కొట్టాడు. ఇలాంటిది మాత్రం ఎరగడు.

"ఏంటిది?" అని అడిగాడు.

"బట్టలుతికే మిషన్" అన్నాడు దాని మీద చెయ్యి వేసి కూర్చున్న పెద్దాయన.

"మరి సీటెందుకు?"

"ఉతికే మనిషి కూర్చోవద్దా?"

కండక్టరుకు ఈ జవాబు నచ్చినట్టే ఉంది. సీటున్నది గనక ఇది ప్రయాణికుల జాతే అని తేల్చాడు. తనంతట తాను ఎక్కలేదు గనక సగం టికెట్టు చాలనుకున్నాడు. చీటీని మూత పిడికి చుట్టి ముందుకు పోయాడు.

పెద్దాయన పక్కన, కిటికీలోకి దాదాపు దూరిపోయి కూర్చున్న మనిషి ఆయన బావమరిది. వంతెన అవతలి ఊళ్లో అతనికి ఒక ఫోటో స్టూడియో ఉంది. ఈ పీపాతో తనకు బంధుత్వమేమీ లేనట్టు నది వైపు చూస్తున్నాడు గాని, లోపల ఒక్కటే గుబులు. బావ ఈ బస్సు ఎక్కడ తయారైందని అడక్కుండా ఉంటే బాగుండు.

బావ అడిగాడు.

కండక్టరు వెనక్కి తిరక్కుండానే, ఇంజనొకచోట, డబ్బా ఒకచోట, సీట్లు జైల్లో తయారయ్యాయని చెప్పాడు. మరి బ్రేకులో అంటే, అవి ఇంకా తయారు కావాలన్నాడు. బస్సంతా నవ్వింది. బావమరిదికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇది అవతలి ఒడ్డు సరుకని తేలి ఉంటే బావ అక్కడికక్కడే దిగిపోయేవాడు. దిగేది బావే గాని, పీపాను దింపాల్సింది తను.

వస్తువుల ముఖం చూసి మోసపోయినవాళ్ల కథలు పుస్తకాల నిండా ఉన్నాయి. అడుగు చూసి మోసపోయినవాళ్ల కథలే తక్కువ. ఆ తక్కువలో మొదటి వరసలో చేర్చదగ్గ మనిషి ఈ బావ. ఊళ్లో ఆయన్ని అందరూ బోర్లా అనేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాన్ని బోర్లించి, ఎక్కడ తయారైందో అడుగున చదివి, ఆ తర్వాతే దానితో మాట్లాడటం ఆయన పద్ధతి. గిన్నె, గడియారం, కుర్చీ, అన్నీ ఆయన ముందు తలకిందులు కావాల్సిందే. ఒకసారి డాక్టరు గారు మర్యాదకు టీ ఇప్పిస్తే, కప్పు అడుగు చదువుతూ టీ మొత్తం డాక్టరు గారి ఒళ్లోనే పోశాడు. ఇరుగింట్లో బిడ్డ పుడితే చూడబోయి, చేతికిచ్చిన పసిపాపను అలవాటు చొప్పున తిరగేశాడు. ఆ తల్లి ఇప్పటికీ ఆయన కనపడితే పిల్లను వెనక్కి దాచుకుంటుంది. ఆ పిల్లకు పెళ్లీడు వచ్చింది.

ఇదంతా ఊరికే వచ్చిన పిచ్చి కాదు. దానికి రెండు కారణాలున్నాయి. ఆయన ఒక్కగానొక్క స్నేహితుడు ఇవతలి ఊళ్లో రేకు బకెట్లు చేసేవాడు. అవతలి ఒడ్డు నుంచి ప్లాస్టిక్ బకెట్లు దిగాయి. తేలిక, రంగురంగులు. స్నేహితుడి కొట్టు మూతపడింది. అమ్ముడుపోని బకెట్లలో ఒకదాన్ని బోర్లించి, దానిమీద కూర్చుని, వీధిలో పోయే ప్లాస్టిక్ బకెట్లను లెక్కపెట్టడమే అతని పనైపోయింది. అది చూసిన రోజే బోర్లా ఒట్టు పెట్టుకున్నాడు. ఇకనుంచి మన ఊళ్లో చేసిందే కొంటాను, అవతలి ఒడ్డు సరుకు గుమ్మం తొక్కనివ్వను.

రెండో కారణం తర్వాత ఒక లారీ డ్రైవరు చెప్పాడు. అవతలి ఒడ్డున బట్టల మిషన్లు చేసే ఫ్యాక్టరీలో పనివాళ్లను పొద్దస్తమానం నిలబెడతారట, ఒక్క కుర్చీ కూడా ఉండదట. బోర్లాకు ఆ రోజు అన్నం సయించలేదు. నిలబెట్టి చేయించిన వస్తువు మీద మనం కూర్చుని సుఖపడటమా?

ఈ రెండు కారణాలకూ ఒకదాని పొడ ఒకదానికి గిట్టదన్న సంగతి ఆయనకు తట్టలేదు. మొదటిది మనవాళ్లకు పని ఉండాలంటుంది. రెండోది అవతలివాళ్లకు కష్టం ఉండకూడదంటుంది. మొదటిది నెగ్గితే రెండోవాళ్లకు కష్టం పోతుంది, నిజమే, పనితో సహా పోతుంది. బోర్లా ఆ లోతుకు దిగేవాడు కాదు. ఇంట్లో పోట్లాటకు ఏ కారణం కలిసొస్తే దాన్ని బయటికి తీసేవాడు. మన పెద్ద పెద్ద సిద్ధాంతాలు చాలావరకు ఇలా రెండేసి జేబుల్లోనే బతుకుతుంటాయి.

ఆయన ఇల్లు చూసి తీరవలసింది. ఊళ్లో చేసిన గొడుగు తెరుచుకునేది గాని మూసుకునేది కాదు. దాన్ని దూలానికి వేలాడదీశారు. ఊళ్లో చేసిన ఫ్యాను తల తిప్పుతూ తిప్పుతూ గోడ వైపు వెళ్లి అక్కడే ఆగిపోయేది. ఎండాకాలంలో ఆ ఇంట్లో సుఖపడింది ఆ గోడ ఒక్కటే. ఊరి అగ్గిపుల్లలు ఊరి అగ్గిపెట్టెకు వెలిగేవి కావు. అందుకని ఆయన భార్య అవతలి ఒడ్డు అగ్గిపెట్టె ఒకటి బియ్యం డబ్బాలో దాచుకుని, ఆయన బయటికి పోయాక పొయ్యి వెలిగించుకునేది. ఆ ఇంట్లో వంట ఎప్పుడూ దొంగతనంగానే జరిగేది.

ఇన్నిటినీ ఆవిడ ఓర్చుకుంది. మణికట్లు వాచి గిన్నె కూడా ఎత్తలేని పరిస్థితి వచ్చాక, ఒక బట్టల మిషన్ కొందామని నోరు తెరిచి అడిగింది. బోర్లా విచారంగా తల ఊపి, మన ఊళ్లో ఎవరూ చెయ్యరు కదా అన్నాడు. అవతలి ఒడ్డున చేస్తారు కదా అంది. అక్కడివాళ్లను నిలబెడతారు కదా అన్నాడు. అప్పుడావిడ ఒక మాట అంది. ఆవిడ పుట్టింటివాళ్లది అవతలి ఒడ్డే.

"నేనూ అవతలి ఒడ్డు సరుకునే. మరి నన్నెందుకు ఇంట్లో పెట్టుకున్నారు?"

ఏ మొగుడైనా ఇలాంటి చోట నవ్వేస్తాడు, లేకపోతే దగ్గుతాడు, అదీ కాకపోతే వీధిలో ఎవరో పిలిచినట్టు బయటికి పోతాడు. బోర్లా అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే ఆలోచించి, నిజాయితీగా జవాబు చెప్పాడు.

"అప్పటికి నాకీ ఆలోచన రాలేదే."

ఆవిడ సంచి సర్దుకుని వంతెన దాటింది. వచ్చి తమ్ముడి ఇంట్లో దిగింది. మిషన్ ఇంటికొస్తే గాని తను ఇంటికి రానని కబురు పెట్టింది.

తమ్ముడిది రెండు గదుల కొంప. ముందు గది స్టూడియో, వెనక గది కాపురం. అక్కంటే అతనికి ప్రాణం. అక్క వచ్చిన మొదట్లో నిజంగానే సంబరపడ్డాడు. అయితే ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఒక గుణం ఉంది, కోపమొస్తే ఉతుకుతుంది. వాచిన చేతులతోనే దుప్పట్లు ఉతికింది, గలీబులు ఉతికింది, ఉతికినవి ఆరకముందే మళ్లీ ఉతికింది. అక్కా నీ చేతులే కదా నొప్పులన్నావు అంటే, అక్కడ మీ బావ సిద్ధాంతం కొద్దీ ఉతికాను, ఇక్కడ నా కోపం కొద్దీ ఉతుకుతున్నాను, తేడా లేదూ అంది. ఇంట్లో గుడ్డలన్నీ అయిపోయాక స్టూడియోలోకి వచ్చింది. ఫోటోల వెనక కట్టే నీలం తెర తీసుకుపోయి బండకేసి బాదింది.

ఆ తెర రంగు మచ్చలు మచ్చలుగా వెలిసింది. ఆనాటి నుంచి అతని దగ్గర గుర్తింపు కార్డుకు ఫోటో దిగిన ప్రతివాడూ ఉరుములూ మెరుపుల్లో చిక్కుకున్నట్టు కనపడటం మొదలైంది. ఆఫీసువాళ్లు ఫోటోలు తిప్పి పంపారు. ముఖం చాలు, వాతావరణం అక్కర్లేదన్నారు. కొత్త తెర కొని కడితే రెండో నాటికి అదీ తీగ మీద ఆరుతోంది. ఈ గొడవలో అతని భార్య ఒక రాత్రి మెత్తగానే అడిగింది, వదినగారు వెళ్తారా, నేను మా అమ్మ దగ్గరికి వెళ్లనా అని. ఆ మెత్తదనానికే అతను హడలిపోయాడు. అక్కను పొమ్మనలేడు, పెళ్లాన్ని పోనివ్వలేడు. మరునాడే వంతెన దాటి బావ కాళ్లావేళ్లా పడ్డాడు.

బావకూ ఇల్లు బోసిపోయింది. అగ్గిపెట్టె రహస్యం తెలియదు గనక ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. కాని పట్టు వదలడం ఎలా? ఆయన స్నేహితుడి దగ్గరికే పోయాడు. బకెట్లవాడు చాలాకాలానికి బోర్లించిన బకెట్టు మీంచి లేచాడు. పీపా తెచ్చాడు, సైకిలు తెచ్చాడు, ఇద్దరూ కలిసి ఊరి చరిత్రలో మొట్టమొదటి బట్టల మిషన్ తయారుచేశారు. పరీక్షకని ఒక చొక్కా వేస్తే రెండొచ్చాయి. రెండూ సగం సగం చొక్కాలు. అయినా తిరిగిందా లేదా, అన్నాడు బకెట్లవాడు. అతని ముఖంలో ఆ వెలుగు చూశాక బోర్లాకు అది పనిచెయ్యదని అనుకోవడానికి కూడా మనసు రాలేదు.

అలా ఆ పీపా సగం టికెట్టుతో బస్సెక్కింది. మిషన్ చూసి అక్క మెత్తబడితే సరే సరి. మెత్తబడకపోతే ఏం చెయ్యాలో ఫోటోగ్రాఫరుకు తోచడం లేదు. ఇంట్లో భార్య సంచి కూడా సగం సర్ది ఉంది.

వంతెన మొదట్లో ఒకమ్మాయి ఎక్కింది. కూర్చునే చోటు కోసం అటూ ఇటూ చూసింది. బస్సులో ఖాళీగా ఉన్న సీటు ఒక్కటే, మిషన్‌ది. కండక్టరు దాన్నే చూపించాడు. సగం టికెట్టు ముందే కొట్టాను, మిగతా సగం నువ్వు తీసుకో అన్నాడు. ఆ అమ్మాయి ఏమాత్రం మొహమాటపడకుండా ఎక్కి కూర్చుంది. కాళ్లు పెట్టుకోవడానికి పెడళ్లు తప్ప చోటు లేదు. బస్సు కుదిపినప్పుడల్లా పెడళ్లు తిరిగేవి, పీపా లోపల గుడగుడమని మూలిగేది.

కూర్చున్న కాసేపటికి ఆ పిల్ల ముందుకు వంగి మూత తెరిచింది, వేసింది. మళ్లీ తెరిచింది. నోట్లో చేదు మాత్ర పెట్టుకున్నట్టు ముఖం పెట్టింది.

బోర్లాకు రోషం వచ్చింది. ఏమ్మా బాగాలేదా అన్నాడు. కిర్రుమంటోంది బాబాయ్, అంది. తెరిస్తే కిర్రుమనకూడదు, వేస్తే దబ్బుమనకూడదు, మా దగ్గరైతే ఇది వెనక్కి పోయేదే అంది. మీ దగ్గరంటే ఎక్కడ? అవతలి ఒడ్డున బట్టల మిషన్ల ఫ్యాక్టరీలోనట, ఇవతల చుట్టాలింటికొచ్చి తిరిగి పనిలోకి పోతోందట. అక్కడ ఆమె పని మూతలు తెరిచి వేసి చూడటమేనట.

ఫోటోగ్రాఫరు కళ్లు మూసుకున్నాడు. వంతెన ఇంకా చాలా ఉంది.

బోర్లా కాళ్లు దగ్గరికి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి అవతలి ఒడ్డు ఫ్యాక్టరీ మనిషి ఎదురుగా కూర్చుంటే, అదీ తన మిషన్ మీదే కూర్చుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు తన ఒట్టు సంగతి చెప్పాడు. మీ ఫ్యాక్టరీ సరుకు నేను కొనను, మీమీద కోపంతో కాదు, మీకోసమే, మిమ్మల్ని కూర్చోనివ్వరు కదా అన్నాడు. ఆమె శ్రద్ధగా వింది. కాలు ఊపడం మాత్రం ఆపలేదు.

"నిజమే, కూర్చోనివ్వరు. మీరు కొనకపోతే కూర్చోనిస్తారా?"

"అలాగని కాదమ్మా..."

"కొనకపోతే ఇంటికి పంపిస్తారు బాబాయ్. ఇంట్లో కూర్చోవచ్చు, అదీ నిజమే."

ముందు సీటులో ఎవరో కిసుక్కుమన్నారు.  ఆ అమ్మాయి వెటకారంగా ఏమీ అనలేదు. తన కోసం ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి ఇన్నేళ్లు మిషన్ కొనకుండా కూర్చున్నాడంటే ఆమెకు వింతగా, కాస్త ముద్దుగా కూడా అనిపించినట్టుంది. అందుకే ఇంటి మనిషిని అడిగినట్టు అడిగింది.

"మరి మీ ఇంట్లో బట్టలెవరు ఉతుకుతారు?"

"మా ఆవిడ."

"కూర్చుని ఉతుకుతుందా, నుంచునా?"

  నది ఒడ్డు నుంచి ఒడ్డుకు ఉన్న అంత పొడుగు వంతెన మీద బోర్లా తన ఇంటి పెరటిని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. బావి ఉంది. బండ ఉంది. తీగ మీద బట్టలున్నాయి. ఆ బట్టలకు కారణమైన మనిషి మాత్రం కూర్చునీ కనపడలేదు, నిలబడీ కనపడలేదు. అవతలి ఒడ్డున ముక్కూ ముఖం తెలియని వాళ్లకు కుర్చీ లేదని తెలుసు గాని, తన పెరట్లో ఏముందో తెలియదు. ఆయన సాయం కోసం బావమరిది వైపు చూశాడు. బావమరిది నది వైపు చూశాడు.

తల వంచుకున్న బోర్లా కళ్ల ముందు నుంచి ఒక చెప్పు అడుగు పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ పైకి లేచింది. పెడలు మీది ఆ పిల్ల ఎడమకాలు. లోకంలోని వస్తువులన్నిటినీ తన చేత్తో బోర్లించుకున్న మనిషికి, ఈ ఒక్కటీ తనంతట తానే బోర్లా పడి తిరుగుతూ కనపడింది. అడుగున ఒక ముద్ర. ఆ ముద్ర కాస్త కుడికి ఒరిగి ఉంది.

ముద్ర ఇలా ఒరిగించి వేసే చెయ్యి ఒక్కటే, తనది. బోర్లా ఇవతలి ఊరి చెప్పుల కార్ఖానాలో పని చేస్తాడు. అట్టలకు చిల్లులు పొడవడం, ముద్ర వెయ్యడం ఆయన వంతు. ఆయన చటుక్కున పెడలు పట్టుకున్నాడు. పీపా మూలుగు ఆగింది. వేళ్ల సందున చెప్పు పట్టీ ఒరుసుకుని ఆ పిల్ల కాలు కందిపోయి ఉంది.

కొరుకుతోందా అని అడిగాడు. ఎడమది కొరుకుతుంది బాబాయ్, కుడిది మంచిదే, అంది. కొన్నాక కొంతకాలం కుంటుతాం, తర్వాత కాలే దానికి సర్దుకుంటుంది, మా ఒడ్డున అందరిదీ అదే నడక అంది. చవగ్గా, మెత్తగా ఉంటాయి గదా, రోజంతా నిలబడేవాళ్లకు ఇవే నయం అని చెప్పుల్ని వెనకేసుకొచ్చింది కూడా.

ఇది విని ఫోటోగ్రాఫరు మొదటిసారి నది మీంచి చూపు తిప్పి తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. అతనూ కొంతకాలంగా కుంటుతున్నాడు. వయసు మీద పడుతోందనుకున్నాడు. స్టూడియోలో నిలబడ్డ ప్రతివాడూ ఒక పక్కకు ఒరిగిపోతుంటే, గడ్డం ఎత్తండి, భుజం సర్దండి, ఇటు వంగండి అని గొంతు చించుకుంటూ, ఈ ఊరివాళ్లకు నిలబడటం చేతకాదని తిట్టుకునేవాడు.

బోర్లా గొంతు తగ్గించి బావమరిది చెవిలో జరిగింది చెప్పాడు. చిల్లులు పొడిచే ఉలి అరిగిపోతే కార్ఖానా యజమాని అవతలి ఒడ్డు నుంచి కొత్తది తెప్పించాడట. తను దాన్ని బోర్లించి చూసి, ముట్టనన్నాడట. మన ఊరి కమ్మరి చేత చేయించుకున్నాడట. ఆ ఉలికి పుట్టుకతోనే ఒక వంక ఉంది. ఎడమ చెప్పుకు చిల్లు వెంట్రుకవాసి ముందుకు పడుతుంది. మనవాడు చేసింది కదా అని సర్దుకున్నాడట. ఆయన కాలికి ఉన్నది మాత్రం ఆ ఉలి రాకముందు కుట్టుకున్న జత. అది హాయిగా ఉంటుంది.

"ఈ చెప్పులెక్కడికి పోతాయి బావా?" అన్నాడు ఫోటోగ్రాఫరు, జవాబు తెలిసే.

"లారీ ఎక్కుతాయి" అన్నాడు బోర్లా. "అంతవరకే చూసేవాణ్ని."

వచ్చిన వస్తువు ఎక్కడిదని ఇంత రభస చేసిన మనిషి, పోయిన వస్తువు ఎక్కడికని ఒక్కనాడూ అడగలేదు. ఫ్యాక్టరీ మలుపులో ఆ అమ్మాయి దిగింది. వస్తాను బాబాయ్, మూతకు కాస్త నూనె వెయ్యండి అని చెప్పి, ఎడమకాలు ఈడ్చుకుంటూ గేటులోకి వెళ్లింది. ఆమె ముందూ వెనకా గుంపుగా నడిచేవాళ్లంతా అదే తాళంలో కుంటుతున్నారు. కిటికీలోంచి చూస్తే ఏదో కవాతులా ఉంది. బోర్లా లేచి బస్సు తలుపు దాకా పోయి, వాళ్లకేమైనా చెప్పాలనుకున్నాడు. ఏం చెప్తాడు?

ఇంటికి చేరాక జరిగింది ఫోటోగ్రాఫరు అనుకున్నదేదీ కాదు. అతని భార్య టీ ఇచ్చింది. కప్పు కొత్తది, అవతలి ఒడ్డుది, ఎక్కడ ఒలకబోస్తాడో అని ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. బోర్లా కప్పు వంక చూడనే లేదు. ఆమె కాళ్ల వంక చూశాడు, కొరుకుతోందా అమ్మా అన్నాడు. ఆవిడ కంగారుగా పాదాలు వెనక్కి లాక్కుంది. ఆయన టీ గటగటా తాగేసి సరాసరి పెరట్లోకి నడిచాడు.

అక్క బండ మీద తెర ఉతుకుతోంది. మొగుణ్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు. పీపా మోసుకొచ్చిన తమ్ముణ్నీ పట్టించుకోలేదు. బోర్లా ఆవిడకు కొంచెం దూరంలో నిలబడి, మొదటిసారి ఆ పనిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ముంచడం, ఎత్తడం, బాదడం, పిండేటప్పుడు పళ్లు బిగించి మణికట్టును పొట్టకు అదుముకోవడం. దారి పొడుగునా మిషన్ గొప్పలు ఎలా చెప్పాలో వల్లించుకున్నదంతా ఎటు పోయిందో పోయింది.

"నువ్వు కూర్చుని ఉతుకుతావా, నుంచునా?" అన్నాడు.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. తెర మీంచి నీళ్లు కారుతున్నాయి. ఈయన తనతో పరాచికాలాడుతున్నాడా అని ముఖంలోకి చూసింది. ఆడటం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"కూర్చోనూ కూర్చోను, నుంచోనూ నుంచోను" అంది. "వంగుంటాను. మీరు ఇన్నేళ్లూ వస్తువులు తిరగేసి చూశారు గాని, వంగున్న మనిషి ముఖం చూడాలంటే మీరే వంగాలి."

బోర్లా ఆవిడ చేతిలోని తెర తీసుకుని పీపాలో పడేశాడు, రెండు బకెట్ల నీళ్లు పోశాడు, మిషనెక్కి తొక్కడం మొదలుపెట్టాడు. ముందు గొలుసు అరిచింది. తర్వాత పీపా అరిచింది. ఆ తర్వాత మూత ఎగిరి గోడ అవతల పడింది. నీళ్లు నాలుగు వైపులా లేచి బావమీద, బావమరిదిమీద, తీగమీద ఆరిన దుప్పట్లమీద పడ్డాయి. ఆయన ఆపలేదు. తన వయసుకు మించి తొక్కాడు. పీపా కదిలి, పెరట్లో మెల్లగా బావి చుట్టూ ప్రయాణం పెట్టుకుంది. పైన తడిసి ముద్దయిన పెద్దమనిషి కూర్చుని ఎక్కడికో పోతున్నంత శ్రద్ధగా తొక్కుతున్నాడు. ఒకచోట ఇరుక్కుని ఆగాక లోపల్నుంచి తెర తీస్తే నాలుగు తెరలైంది.

అక్క బండ మీద కూలబడి నవ్వింది. ఆ ఇంట్లో దిగాక ఆవిడ కూర్చోవడం అదే మొదలు. ముందు నవ్వు, తర్వాత కళ్లనీళ్లు, మళ్లీ నవ్వు. తమ్ముడి భార్య గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిషను మీదే కూర్చుని, చొక్కా పిండుకుంటూ బోర్లా తన కొత్త తీర్మానం చెప్పాడు. మూతల అమ్మాయి ఫ్యాక్టరీ మిషను కొంటాడట. కొని ఊరుకోడట, వాళ్ల గేటు దగ్గరికి పోయి, మీ మిషను కొన్నవాణ్ని, మీ మనుషులకు కుర్చీలు ఎందుకు వెయ్యరో చెప్పమని అడుగుతాడట. కొనకుండా అడిగితే ఎవడు చెవిన పెడతాడు, కొన్నవాడు అడిగితే ఒక చెవైనా పెట్టాలి కదా? ఉలి రేపే మారుస్తాడట. పీపా మాత్రం బకెట్లవాడికి తిరిగి ఇవ్వడట. గొలుసు తీసేస్తే నీళ్లు నిలవ చేసుకోవడానికి బంగారంలా ఉంటుందట. అదేమాట అతనికి చెప్పడం ఎలాగో తెలియడం లేదట.

"మిషనొచ్చేదాకా?" అంది అక్క.

"నేనుతుకుతాను."

"నిలబడా, కూర్చునా?"

"వంగుని" అన్నాడు బోర్లా.

ఇంత శుభవార్త విన్నాక ఫోటోగ్రాఫరు ఊరుకుంటాడా? తెర లేకపోతే పోయింది, ఇద్దరికీ ఒక ఫోటో తీసి తీరతానన్నాడు. భార్య అప్పటికే లోపలికి పోయి తన సంచి విప్పుతున్న చప్పుడు అతనికి వినపడుతోంది. పీపాను స్టూడియోలోకి దొర్లించారు. బావను సీటు మీద ఎక్కించి, అక్కను పక్కన నిలబెట్టబోతే, నేను నుంచోను అందావిడ. సరేనని స్టూలు వేశాడు. వీధి తలుపు వెలుతురు కోసం బార్లా తెరిచి, కెమెరా వెనక చేరి, అలవాటు చొప్పున గడ్డం ఎత్తమన్నాడు.

బావ గడ్డం ఎత్తాడు. ఎత్తిన ముఖానికి ఎదురుగా వీధి ఉంది. ఆ వీధిలో తల మీద రొట్టెల బుట్ట పెట్టుకుని ఒకతను ఎడమకాలు ఈడ్చుకుంటూ పోతున్నాడు.

ఫోటోగ్రాఫరు కదలొద్దని చెప్పి కన్ను కెమెరాకు ఆనించేసరికి సీటు ఖాళీ. అప్పటికే వీధిలోంచి మాటలు వినపడుతున్నాయి. కాలెత్తమంటున్న ఒక గొంతు, బుట్టతో కాలెలా ఎత్తనని మొత్తుకుంటున్న మరో గొంతు. అంతలో ఆ మొదటి గొంతు ఇంకా ముందుకు పోయింది. మలుపులో ఇంకెవరో కుంటుతూ కనపడినట్టున్నారు.

"వెళ్లొస్తానని కూడా అనలేదే అక్కా" అన్నాడు ఫోటోగ్రాఫరు.

అక్క అప్పటికే స్టూలు మీంచి లేచి, సంచి చంకన పెట్టుకుంటోంది. ఈ ఒడ్డున కుంటనివాడు లేడురా, ఆపేవాళ్లు లేకపోతే ఈయన సముద్రం దాకా పోతాడు అని గొణుగుతూ, గుమ్మం దిగి మొగుడు పోయిన వైపు గబగబా నడిచింది.

అతను ఫోటో తీయనే తీశాడు. అందులో ఒక స్టూలు, ఒక పీపా, దానికి ఇంకా తిరుగుతున్న రెండు పెడళ్లు ఉన్నాయి.